తాతకు రెండో గడ్డం

ఆటో పర్చూరు దాటిందో లేదో నజీరా ఒళ్ళో ఉన్న దిండు కుట్టుని పళ్ళతో కొరికి తెంపింది. కత్తెర తెచ్చుకోవడం మర్చిపోయింది. తలుపు దగ్గరికి వేసిందో లేదో గుర్తులేదు, గ్యాసు కట్టేసిందో లేదో గుర్తులేదు, ఆ గోతం మాత్రం కళ్ళముందు నుంచి కదలడం లేదు, గోతం మూల కుట్టులో ఇరుక్కున్న ఎర్రటి తొక్క, దాని పక్కన పచ్చగా నాలుగు గింజలు, దులపగానే గొంతు పట్టేసి వాకిట్లో కూలబడి దగ్గిన దగ్గు. ఆ దగ్గులోనే తెలిసిపోయింది, ఇది బియ్యం గోతం కాదు, మిరపకాయల టిక్కీ. ఆ టిక్కీలోనే దాచింది ఇన్నాళ్ళూ, క్రిస్మస్ తాత గడ్డం కోసమని ఏరి పెట్టిన పత్తిని. ఆ పత్తితో చేసిన గడ్డం నిన్ననే వెళ్ళిపోయింది. ఇవాళ పండగ ముందురోజు, పొద్దు వాలేవేళకి మార్టూరు అవతల కాలనీలో తాత ఆ గడ్డం కట్టుకుంటాడు, మాస్కు ముక్కు కన్నాల మీదికి వచ్చేటట్టు మీసం అద్దుకుంటాడు, ట్రాక్టరు ముందు డప్పుకి గెంతుతాడు. గెంతేవాడు ఊపిరి గట్టిగా పీలుస్తాడు. పీలిస్తే. ఆ తరవాతది ఆలోచించకూడదనుకుంది, అనుకున్నకొద్దీ అదే ఆలోచించింది.

ఫోను చేసింది. కాలనీ చర్చి పాస్టరు గారి భార్య ప్రేమమ్మ గారికి ఇంట్లోంచి చేసింది, బస్టాండు దగ్గర చేసింది, ఆటో ఎక్కాక చేసింది, మోగి మోగి ఆగిపోతోంది. ఎట్టా ఎత్తుతుంది ఆవిడ, పాటల వాళ్ళని చూసుకోవాలి, కేకులు చూసుకోవాలి, ట్రాక్టరుకి రంగు కాయితాలు అతికించాలి, ఊపిరి పీల్చుకునే తీరికెక్కడ, అనుకుని, ఊపిరి అన్న మాట దగ్గర మళ్ళీ నంబరు నొక్కింది. మొగుడికీ చేసింది. సుభానీ వాడరేవులో ఉన్నాడు, సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన గదులకి పరుపులు వెయ్యడానికి పొద్దున్నే వెళ్ళాడు, ఫోనులో అలల హోరు. "ఏమండీ, ఆ అటక మీద గోతం ఎక్కడిది?" "ఏ గోతమే?" "పత్తి దాచిన గోతం!" "ఓ అదా, కోల్డ్ స్టోరేజీ దగ్గర ఊరికే పడుంటే నాలుగు తెచ్చా. శుభ్రంగానే ఉన్నాయిగా." "శుభ్రమా? అందులో మిరపకాయలుండేవి! తాతకేమన్నా అయితే?" "ఏం కాదులేవే. రెండు తుమ్ములు తుమ్ముతాడు, పిల్లలు నవ్వుకుంటారు." ఏం కాదులే. పెళ్ళైన దగ్గర్నించీ ఈ ఒక్కమాట మీద కాపరం చేస్తున్నాడు మనిషి. పాపకి ఆ జ్వరం వచ్చిన మొదటిరోజు కూడా ఇదే మాట, ఏం కాదులే, పిల్లలకి జ్వరాలు రావా అని. వచ్చింది, వచ్చి ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో, మూడేళ్ళయినా ఆ వార్డు వాసన ముక్కులోంచి పోలేదు.

ముక్కు. అసలు ఈ ముక్కుకి ఎందుకు తెలియలేదు? వారంగా జలుబు, ఒక రంధ్రం మూసుకుపోతే ఒక రంధ్రం, కూరలో ఉప్పెక్కువైందని అత్తగారు లాల్‌బీ అన్నప్పుడు కూడా తెలియలేదు. వాకిట్లో ఎండలో కూచుని పత్తి విప్పుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి, జలుబనుకుంది. వేళ్ళు చురుక్కుమన్నాయి, గింజ గుచ్చుకుందనుకుంది. పత్తి మధ్య పుట్టి, పత్తి ఏకే ఇంటికే కోడలై వచ్చి, పరుపుల దూదిలోనే బిడ్డని పడుకోబెట్టి పెంచిన మనిషికి, చేతిలో ఉన్న పత్తిలో ఏముందో తెలియలేదు. లోకంలో లేని భయాలన్నీ పడుతుందే, ఆటో బోల్తా పడుతుందని, కరెంటు తీగ తెగి పడుతుందని, బడి గోడ కూలుతుందని, ఒళ్ళోనే ఉన్న దానికి మాత్రం భయపడాలని తోచలేదు. భయం ఎప్పుడూ పక్కింటి అడ్రసుకే పోతుంది తనది.

"ఏమ్మాయ్, ఏంటిది, నా చీరల మీద పడుతోంది దూదంతా!" పక్కన కూచున్న పెద్దావిడ మూట దగ్గరికి లాక్కుంది. చీరాల నేత చీరలు ఊళ్ళమ్మట తిరిగి అమ్ముకునే నాంచారమ్మ, ముఖ పరిచయమే, ఆ మూట లేకుండా ఈవిడని చూసినవాళ్ళు లేరు. "గడ్డం చేస్తున్నా పిన్నిగారూ," అంది నజీరా వేళ్ళు ఆపకుండా. "గడ్డమా? ఎవరికి?" "తాతకి." "మీ తాతకి ఇంకా గడ్డం రాలా?" ముందు సీట్లో ఆటో నడిపే బుడాన్ పకపకా నవ్వాడు, నవ్వుతూ అద్దంలోకి చూశాడు, అద్దంలోకి కాదు రోడ్డు చూడు నాయనా అని అరవబోయి నజీరా ఆపుకుంది, ఎదురుగా గ్రానైటు రాయి కట్టిన లారీ, ఇల్లంత రాయి, ఒక్క గొలుసు కట్టారు, ఆ గొలుసు తెగితే. తెగలేదు. లారీ వెళ్ళిపోయింది. "క్రిస్మస్ తాతకి పిన్నిగారూ. నిన్న పంపిన గడ్డంలో మిరపకాయ ఘాటుంది. తెలియక పంపాను. ఆయన కట్టుకునేలోపు ఇది అందించాలి." నాంచారమ్మ కాసేపు ఆ చేతుల వంక చూసింది. "మీరు సాయిబులు కదమ్మా, మీకెందుకు ఆ గడ్డం గొడవ?" తిట్టినట్టు కాదు, తెలుసుకుందామని అడిగింది. నజీరా నోరు తెరిచింది గానీ, ఎక్కడ మొదలుపెట్టాలి దీన్ని, అది చెప్పాలంటే ఒంగోలు దాకా వెళ్ళాలి, ఆ మెట్లెక్కాలి, ఆ మంచం దగ్గర మళ్ళీ నిలబడాలి.

పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం. నగ్మాకి ఏడేళ్ళు, దుప్పటి కింద పిల్ల ఉందో లేదో తెలియనంత సన్నంగా అయిపోయింది, డెంగీ అన్నారు, లోపల రక్తం పోతోందన్నారు, రక్తం ఎక్కించాలన్నారు, ఏ రక్తం పడితే ఆ రక్తం కాదు, ఓ నెగటివ్ కావాలన్నారు. ఆ మాట నజీరాకి అప్పటిదాకా తెలియదు, ఏడో తరగతి దాకా చదివింది, రక్తం ఎర్రగా ఉంటుందని తెలుసు, అందులో ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఉంటారని తెలియదు. తన చెయ్యి చాచింది, నీది పనికిరాదమ్మా అన్నారు. సుభానీది పనికిరాదన్నారు. కన్న తల్లి రక్తం పనికిరాకపోవడమేంటి అని గోడకి ఆనుకుని నిలబడింది, గోడ చల్లగా ఉంది, ఆ చల్లదనం కూడా చావులాగే తోచింది. సరిగ్గా అప్పుడే గంట మోగింది. ఆసుపత్రి గంట కాదు, చిన్న చేతిగంట. వార్డు తలుపులోంచి ఎర్ర చొక్కా, ఎర్ర లాగు, గులాబీరంగు ప్లాస్టిక్ మొహం, నవ్వుతున్న పెదాలు, భుజాన సంచీ. వెనక పాటల వాళ్ళు, ముందు ప్రేమమ్మ గారు. ఏటా పండగకి ముందు వ్యాను కట్టించుకుని వచ్చి పిల్లలకి టోపీలూ బొమ్మలూ పంచి వెళతారట. పిల్లలంతా మంచాల మీద లేచి కూచున్నారు, సెలైన్ పెట్టిన పిల్లాడొకడు సీసా ఊగేటట్టు గెంతాడు. నజీరా మాత్రం ఆ మొహం చూడగానే మంచానికి అడ్డం జరిగింది. ఎందుకొచ్చాడు వీడు, ఇప్పుడే ఎందుకొచ్చాడు, ఎవర్ని పట్టుకెళ్ళడానికి.

ఎందుకంటే తన చిన్నప్పుడు అమ్మ అట్టాగే చెప్పేది. ఊళ్ళో డిసెంబరు వస్తే డప్పు మోగించుకుంటూ తాత వచ్చేవాడు, కర్ర ఆడించుకుంటూ, పొట్టకి దిండు కట్టుకుని ఇటూ అటూ ఊగుతూ, పిల్లలు ఒక పక్క కేరింతలు కొడుతూ ఒక పక్క జడుసుకుని పరిగెత్తేవాళ్ళు. అన్నం తినకపోతే ఆ సంచీలో వేసుకుపోతాడు అనేది అమ్మ. నజీరా తలుపు సందులోంచి చూసేది. అందరూ చాక్లెట్లు చూసేవాళ్ళు, తను సంచీ చూసేది, సంచీ కదులుతోందా, లోపల ఎవరైనా ఉన్నారా అని. మొహం కదలకుండా నవ్వేవాడంటే తనకి భయం, మనిషి అన్నాక నవ్వు వచ్చి పోవాలి కదా, పోని నవ్వు ఏం నవ్వు. ఒకసారి గుమ్మంలోకే వచ్చేశాడు, ఏం మాట్లాడకుండా చెయ్యి చాచాడు, చేతిలో రేగుపళ్ళంత చాక్లెట్లు, తను కెవ్వున అరిచి బియ్యం డబ్బా వెనక దాక్కుంది, ఆ చెయ్యి చాలాసేపు అట్టాగే ఉండి, చాక్లెట్లు గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. తిన్నది అవి, దాక్కునే తిన్నది. ఆ తియ్యదనం ఇప్పుడు గుర్తొస్తోంది, ఇన్నేళ్ళూ భయం ఒక్కటే గుర్తుంది. తాత మాట్లాడడు. ఏ ఊరి తాతా మాట్లాడడు. గొంతు వింటే ఫలానావాడని తెలిసిపోతుందని.

ఒంగోలు తాత కూడా మాట్లాడలేదు. మంచం మంచానికీ తిరిగి నగ్మా దగ్గరకొచ్చి ఆగాడు. నర్సమ్మ ఎవరితోనో అంటోంది, ఓ నెగటివ్ బయట కూడా దొరకలేదంట, తొందరగా చూసుకోమనండి అని. తాత తల అటు తిప్పాడు. తెల్ల గ్లౌజు ఒకటి తీసి నగ్మా నుదుటి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యే నజీరా చూసిన మనిషి. వేళ్ళ చివర్లు పొలుసులు లేచి, గోళ్ళు సగానికి అరిగి, తోలు ఎండిపోయిన చెయ్యి. నగ్మా కదిలింది, రెండు రోజుల నుంచీ కదలని పిల్ల మొహం చిట్లించి, "మండుతోందమ్మా" అంది, జ్వరం తలకెక్కిందని నజీరా ఏడ్చింది. తాత చెయ్యి లాక్కుని ప్రేమమ్మ గారి చెవిలో ఏదో చెప్పాడు, చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు, ఇద్దరూ గబగబా బయటికి వెళ్ళారు. అంతే. రెండు మూడు గంటలకి రక్తం వచ్చింది. తాత రాలేదు. కింద వ్యాను వెళ్ళిపోయిందన్నారు. నజీరా ఆ బొట్టు బొట్టునీ చూస్తూ కూచుంది, తాత చొక్కా రంగే, ఒక్కొక్క బొట్టూ గొట్టంలోంచి దిగి పిల్లలోకి పోతుంటే, సంచీలో పిల్లల్ని వేసుకుపోతాడన్న తాత, సంచీలోంచి తన పిల్లని తీసి తనకిస్తున్నట్టు అనిపించింది.

తరవాత అడిగింది, కాళ్ళావేళ్ళా పడి అడిగింది ప్రేమమ్మ గార్ని, ఎవరండీ ఆ అన్న, పేరు చెప్పండి, ఊరు చెప్పండి, ఒక్కసారి చూసి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాను. ఆవిడ నవ్వింది. "తాతమ్మా. తాత ఇచ్చాడు. మా కాలనీలో వేషం కట్టినవాళ్ళ పేరు బయటికి చెప్పుకోం." అప్పుడే ఆ కథ చెప్పింది, ఎప్పుడో ఎక్కడో సముద్రం పక్క ఊళ్ళో ఒక పెద్ద పాస్టరు గారు ఉండేవాడట, ఎవరింట్లో కష్టముందో తెలుసుకుని, చీకటిపడ్డాక కిటికీలోంచి కావలసింది లోపల పడేసి, మొహం దాచుకుని పోయేవాడట, ఆయనే పోను పోను క్రిస్మస్ తాత అయ్యాడట. నజీరా విని, కిటికీ తీసిపెట్టుకుని పడుకుంటారా ఎవరైనా, దొంగలు రారా, అనుకుంది ముందు. ఇంటికెళ్ళాక అనుకుంది, నిజమే, తన పిల్లదీ కిటికీ పక్క మంచమే కదా.

పేరు తెలియనివాడికి ఏం చేస్తుంది? ఒకటే దొరికింది చెయ్యడానికి. ఆ మాస్కు పాతదై గడ్డం మొత్తం రాలిపోయిందని, ఏదో పాత గుడ్డపేలిక అతికించుకుంటున్నారని ప్రేమమ్మ గారు మాటల్లో అన్నారు. అంతే, ఆ ఏడు నుంచీ గడ్డం నజీరాది. తొలి తీత పత్తిలో పొడుగు పోగు ఉన్నది ఏరుతుంది, మిషన్‌లో వెయ్యదు, మిషన్ పోగుని తుంచేస్తుంది, వేళ్ళతో విప్పుతుంది, గింజ తీస్తుంది, నలక తీస్తుంది, పొగమంచు చేతిలో పట్టుకున్నట్టు అయ్యేదాకా విప్పి, గుడ్డపట్టీ మీద పొరలు పొరలుగా కుడుతుంది. అత్తగారు లాల్‌బీ మొదట్లో గొణిగింది, మన దర్గాకి దుప్పటి కుట్టావా ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా అని. "దుప్పటీ కుట్టా, గడ్డమూ కుడతా అత్తా, పిల్ల ఒక్కత్తేగా, ఇద్దరికీ మొక్కా" అంది. ఆ మర్నాడు అత్తగారే కూచుని గింజలు తీసింది. ఇక నగ్మా అయితే ఏటా అదే ప్రశ్న, అమ్మా తాతెవరు, నాలో ఉన్న రక్తం ఎవరిది, ఆయన పేరేంటి, ఆయన లెక్కల్లో మంచోడా, నాకు లెక్కలు అందుకే వస్తున్నాయా.

"ఇదా సంగతి," అంది నాంచారమ్మ. అప్పుడు తెలిసింది నజీరాకి తను ఇదంతా పైకే చెబుతోందని, ఎక్కడ మొదలుపెట్టిందో ఎక్కడ లోపల అనుకుందో ఎక్కడ బయటికి అందో తెలియకుండా. బుడాన్ నవ్వడం మానేశాడు, రోడ్డే చూస్తున్నాడు, వేగం పెంచాడు, వేగం పెంచితే మళ్ళీ భయం. నాంచారమ్మ మూట కట్టిన తెల్లగుడ్డ అంచుని పర్రుమని చింపింది. "ఇదిగో పట్టీ. ఒట్టి దూది ఎట్టా నిలబడుద్ది? ఇంద పిన్నీసులు," అని గాజులకి తగిలించుకున్నవన్నీ ఊడదీసి ఇచ్చింది. "అంత మనిషికి ఏం కాదమ్మా." "అయ్యో మీకు తెలియదు పిన్నిగారూ. ఆ చెయ్యి నేను చూశా. అది రాళ్ళ మిషన్ దగ్గర పనిచేసే చెయ్యి. మార్టూరులో గ్రానైటు పాలిషు పట్టేవాళ్ళ వేళ్ళు అట్టాగే అరిగిపోతాయి. ఆ దుమ్ము పీల్చి పీల్చి వాళ్ళ ఊపిరితిత్తులు ముందే సగమైపోయి ఉంటాయి. దాని మీద ఈ ఘాటు పడితే," అంటూ పట్టీకి పిన్నీసు గుచ్చింది. మూడేళ్ళుగా ఆ మనిషిని అట్టాగే ఊహించుకుంది, పొడుగ్గా, బక్కగా, జుట్టులో తెల్లటి రాతిపొడి, రాత్రుళ్ళు దగ్గుతూ, ఆ దగ్గు విని లేచి నీళ్ళిచ్చే భార్య ఉండాలని కోరుకుంది, ఉందో లేదోనని దిగులుపడింది. కన్నబిడ్డ తరవాత ఇంతగా దిగులుపడ్డది ఆ మొహం తెలియని మనిషి గురించే. ఇప్పుడు ఆ మనిషి ముక్కులో తనే మిరపకాయ కూరి పంపింది. రక్తమిచ్చినవాడికి. యా అల్లా, ఈ ఒక్కసారి నా భయం అబద్ధం చెయ్యి, ఇన్నిసార్లు చేశావు, ఇంకొక్కసారి.

రోడ్డుకి అటూ ఇటూ చివరి తీత అయిన పత్తి చేలు, కాయలు పగిలి అక్కడక్కడా తెల్లగా మిగిలిన పేలికలు, వాటి పక్కనే మిరప చేలల్లో ఎరుపు తిరుగుతున్న కాయ. రెండూ పక్కపక్కనే పండుతాయి ఇక్కడ, ఒకటి ఒంటికి మెత్తన, ఒకటి నోటికి మంట, ఇన్నేళ్ళు చూసింది గానీ రెండూ ఒకే గోతంలో కలుస్తాయని ఊహించలేదు. ఆటోలో పిల్లగాలికి దూది పోగులు లేచి బుడాన్ తల మీద వాలాయి. "ఏంటక్కా, నన్ను కూడా తాతని చేసేశావు," అన్నాడు మెల్లగా. మార్టూరు వచ్చింది, రాళ్ళు కోసే మిషన్ల చప్పుడు వచ్చింది, వెళ్ళింది. నాంచారమ్మ దిగాల్సిన చోట దిగలేదు. "పోనీరా అబ్బాయ్, కాలనీ దాకా పోనీ. ఆ గడ్డం సంగతేదో చూసి పోతా."

డప్పు వినిపించింది. దూరంగా, గుండె కొట్టుకున్నట్టే. మోగుతోంది అంటే గెంతుతున్నాడు, గెంతుతున్నాడు అంటే బాగానే ఉన్నాడు, లేదా ఇంకా ఘాటు ఎక్కలేదు. కాలనీ ఇళ్ళ ముందు కాయితపు నక్షత్రాలు వేలాడుతున్నాయి, ఇంకా లైట్లు వెయ్యలేదు, ఎండ నక్షత్రాల్లోంచి పడి గోడలు రంగులుగా ఉన్నాయి. ఆటో సందు మొదట్లో ఆగింది. ఆగగానే డప్పు కూడా ఆగింది. నజీరా దూకి దిగింది. ఎందుకు ఆగింది డప్పు? పాట మధ్యలో ఎందుకు ఆగింది? పైట జారిపోతుంటే దూది గడ్డాన్ని గుండెలకి హత్తుకుని పరిగెత్తింది. ట్రాక్టరు ఉంది. డప్పులవాళ్ళున్నారు. పిల్లలున్నారు. తాత లేడు. "తాతేడి? తాతేడమ్మా?" అని దొరికిన పిల్లనల్లా పట్టుకుని అడిగింది. రిబ్బన్లు కట్టుకున్న ఒక పిల్ల నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వింది. "తాత తుమ్ముతున్నాడు! తుమ్మీ తుమ్మీ తుమ్మాడు! మేం కూడా తుమ్మాం!" పిల్లలంతా తుమ్ముతున్నట్టు చేసి చూపించారు, హాచ్, హాచ్, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు. నజీరాకి నవ్వు రాలేదు. తుమ్ము తరవాత దగ్గు, దగ్గు తరవాత.

"వందనాలమ్మా నజీరా! నువ్వేంటిట్టా పరిగెత్తుకొచ్చావు?" ప్రేమమ్మ గారు. "ప్రేమమ్మ గారూ, గడ్డం, ఘాటు, తాతకెట్టా ఉంది, బతికున్నాడా?" ప్రేమమ్మ గారు తెల్లబోయి చూసింది, నజీరా మొహం చూసింది, చేతిలో రెండో గడ్డం చూసింది, అటూ ఇటూ చూసింది. నాంచారమ్మనీ పిల్లల్నీ అక్కడే ఉండమని, నజీరా మోచెయ్యి పట్టుకుని చర్చి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ సిమెంటు ఇటుకల గది, లోపల కుర్చీలు పేర్చి ఉన్నాయి. బోర్లించిన బకెట్టు మీద ఎర్ర చొక్కా, ఎర్ర లాగు తొడుక్కున్న మనిషి. మాస్కు పక్కన నేలమీద నవ్వుతోంది. మనిషి వంగి చెంబులో నీళ్ళు మొహాన కొట్టుకుంటోంది. తల ఎత్తింది. ముక్కుకి కట్టిన తడిగుడ్డ, పైన పెద్ద కళ్ళు, నుదుటికి అంటుకుపోయిన జుట్టు, వెనక చిన్న ముడి.

ఆడమనిషి.

"ఈ మొహం ఇక్కడే మర్చిపోవాలి నువ్వు," అంది ప్రేమమ్మ గారు. "కోటిరత్నం అమ్మా. వాళ్ళాయన కట్టేవాడు ఈ వేషం, రాళ్ళ మిషన్‌లో చేసేవాడు. మీ పాపకి జ్వరమొచ్చిన ఏడే ఊపిరి జబ్బుతో పోయాడు. ఆ డిసెంబరు పిల్లలు తాత రాడా అని అడుగుతుంటే, డ్రస్సు నాకు సరిపోద్దిలే అని కట్టుకుంది." నజీరా ఊహించుకున్న మనిషి ఉన్నాడన్నమాట, ఆ పొడుగు, ఆ దగ్గు, నీళ్ళిచ్చిన ఆ భార్య. ఇదిగో ఆ భార్యే. దగ్గేవాడి కోసం ఇంత భయపడుతూ వచ్చింది, నీళ్ళిచ్చిన చెయ్యే తన పిల్లకి రక్తమిచ్చింది. కోటిరత్నం ముక్కుగుడ్డ కిందికి లాగి నవ్వింది, ఆ నవ్వు వచ్చి, కాసేపు ఉండి, పోయింది, మనిషి నవ్వు. "ఘాటుకా ఇంత పరుగు? నేను కోల్డ్ స్టోరేజీలో ముచ్చికలు తీస్తానమ్మా. పొద్దున కూడా పనికి పోయే వచ్చా. మిరపకాయ తొడిమె తుంచి తుంచే ఈ వేళ్ళిట్టా అయ్యాయి. ఈ ఘాటు లేకపోతే నాకు అన్నం సయించదు. ఏదో నాలుగు తుమ్ములొచ్చాయి, ముక్కన్నాక రావా?" మళ్ళీ ఒక తుమ్ము తుమ్మింది. గొంతు తగ్గించి, కొంచెం సిగ్గుపడుతూ అంది, "కవర్లోంచి తియ్యగానే వాసనొచ్చింది. ప్రేమమ్మ గారు చెప్పేశారేమో అనుకున్నా. నేనెవరో మీకు తెలిసిపోయిందనీ, పేరెత్తకుండా ఆ మాట నాకు చేరాలని మిరపకాయ వాసన పట్టించి పంపారనీ అనుకున్నా. మా ఆయన పోయాక నన్ను గుర్తుపెట్టుకుని ఒకళ్ళు ఇట్టాంటి పని చెయ్యడం ఇదే. అందుకే దులపకుండానే కట్టుకున్నా."

పొరపాటున జరిగింది తల్లీ, గోతం చూసుకోలేదు. ఆ మాట నజీరా నాలుక చివర ఉంది. ఆటోలో దారంతా నేర్చుకున్న మాట, కాళ్ళమీద పడి చెప్పాలనుకున్న మాట. ప్రేమమ్మ గారు తన వంకే చూస్తోంది. నజీరా ఆ మాట మింగేసింది. ముందుకు వంగి ఆ చెయ్యి అందుకుంది, పొలుసులు లేచిన వేళ్ళు, అరిగిన గోళ్ళు, మూడేళ్ళుగా ప్రతి నమాజులోనూ కనపడిన చెయ్యి, రెండు కళ్ళకీ అద్దుకుంది.

మంట. కళ్ళల్లో నిప్పులు పోసినట్టు. మండుతోందమ్మా, అన్న నగ్మా మాట ఇప్పుడు తెలిసింది, జ్వరం కాదు అది, ఈ చెయ్యి. "అయ్యయ్యో, కళ్ళకి పెట్టుకుంటారా ఎవరన్నా, మిరపకాయ చేతులమ్మా అవి!" కోటిరత్నం చెంబెత్తి మొహాన నీళ్ళు కొట్టింది, ప్రేమమ్మ గారు కొంగుతో తుడిచింది, ముగ్గురూ నవ్వుతున్నారు, ఎవరి కళ్ళల్లో నీళ్ళు ఎందుకున్నాయో ఎవరూ అడగలేదు. బయట డప్పు ఒక దెబ్బ వేసి ఆగింది, పిలుపు. "ఇది," అని నజీరా రెండో గడ్డం చాచింది, "మార్చుకోండమ్మా, ఘాటు లేదు, మా పాప దిండులోది." కోటిరత్నం దాన్ని రెండు చేతుల్లోకి తీసుకోబోయి, చేతులు చూసుకుని, వెనక్కి తీసుకుంది. చెంప ఒక్కటి ఆనించింది, పిల్లని ముద్దాడినట్టు. "నాకు నాదే ఉండనీ. ఇది పాప దిండులోనే పెట్టండి. తాత పంపించాడనండి." మిరపకాయ గడ్డం కట్టుకుంది, మాస్కు పెట్టుకుంది, గంట అందుకుంది. గుమ్మం దాటేసరికి అక్కడ కోటిరత్నం లేదు, తాత ఉన్నాడు, పొట్ట ఊపుకుంటూ.

నజీరా ట్రాక్టరు పక్కన నాంచారమ్మ దగ్గర నిలబడింది. "దొరికాడా మీ తాత?" అంది నాంచారమ్మ. "దొరికాడు పిన్నిగారూ. బాగానే ఉన్నాడు." "ఎవరబ్బాయి?" నజీరా తల అడ్డంగా ఊపింది. ఫోను మోగింది. నగ్మా. "అమ్మా, నా దిండు ఏదీ? నాయనమ్మ నువ్వు తీసుకుపోయావంటోంది. దిండుతో ఎక్కడికెళ్ళావే?" "తాత దగ్గరికి." నగ్మా ఊపిరి బిగబట్టి, "చూశావా? చూశావామ్మా? ఎవరు?" ఎదురుగా తాత డప్పుకి గెంతుతున్నాడు, గెంతుతూ గెంతుతూ తుమ్మాడు, పిల్లలంతా ఒకేసారి తుమ్మారు, ఆ రిబ్బన్ల పిల్ల నవ్వలేక కింద కూలబడింది. గ్యాసు కట్టేశావా అని అడగాలనుకుంది నజీరా, అడగలేదు.

"తాతేనమ్మా," అంది.

"మరి ఏడుస్తున్నావేంటి?"

"ఏడవడం లేదే పిచ్చిదానా. మిరపకాయ."